ఫ్యాట్ పెరిగితే నాణ్యత పెరిగినట్టేనా? మహారాష్ట్ర సరిహద్దు పత్తి సీమలో మేతకూ కొవ్వుకూ ఉన్న లెక్క

సంక్షిప్తంగా: పాల కేంద్రంలో కొలిచేది కొవ్వు ఎంతుందన్నదే. అది ఎలాంటి కొవ్వో అక్కడ ఎవరూ కొలవరు. ఈ రెండూ వేర్వేరు విషయాలు, ఒక్కోసారి ఒకటి పెరిగినప్పుడు రెండోది తగ్గుతుంది కూడా. పత్తి గింజలు, పత్తి చెక్క ఎక్కువగా మేపే సరిహద్దు తాలూకాల్లో నెయ్యి గట్టిగా ఉండటానికీ, కల్తీ లేని నెయ్యి కూడా పరీక్షలో అనుమానానికి గురవడానికీ కారణం పశువు మేతలోనే ఉంది. పచ్చిమేత, కొద్దిగా అవిసెలు, సరిపడా పీచు ఉంటే కొవ్వు స్వభావం మారుతుంది. అయితే ఆ మార్పుకు ఒక హద్దు ఉంది, దానికి ధర కట్టే పద్ధతి ఇక్కడ ఇంకా రాలేదు.

చీటీ మీద ఉన్నది, లేనిది

నాందేడ్ జిల్లా ధర్మాబాద్, బిలోలి నుంచి కిన్వట్ మీదుగా చంద్రపూర్ జిల్లా రాజురా దాకా, ఏ తెలుగింట్లో పాడి మాట వచ్చినా మొదటి ప్రశ్న ఒక్కటే: "ఫ్యాట్ ఎంతొచ్చింది?" పొద్దున్నే కేంద్రంలో క్యాన్‌లోంచి కాసిని పాలు తీసి మిషన్ కింద పెడతారు. నిమిషంలో చీటీ వస్తుంది. దాని మీద ఫ్యాట్ 4.1, ఎస్ఎన్ఎఫ్ (కొవ్వు కాక మిగిలిన ఘనపదార్థాలు) 8.4 అని రెండు అంకెలు, పక్కన లీటరుకు రేటు. మహారాష్ట్రలో ఆవు పాల ధరను 3.5 ఫ్యాట్, 8.5 ఎస్ఎన్ఎఫ్ ప్రాతిపదికన చెబుతారు. పాయింటు పెరిగితే రేటు కాస్త కలుస్తుంది, తగ్గితే కోత పడుతుంది. కాబట్టి మేత మీద తీసుకునే ప్రతి నిర్ణయం ఆ అంకె చుట్టూనే తిరుగుతుంది.

అదే ఇంట్లో సాయంత్రం ఫోన్‌లో వచ్చే వీడియోలు ఇంకో మాట చెబుతాయి. గడ్డి తిన్న ఆవు నెయ్యి మంచిదని ఒకటి, ఒమేగా-3 పాలని ఇంకొకటి, మటన్ కొవ్వు గుండెకు చేటని మరొకటి. కేంద్రం మాట్లాడేది పరిమాణం గురించి, వీడియో మాట్లాడేది నాణ్యత గురించి. రెంటినీ కలిపి ఆలోచించినప్పుడే గందరగోళం మొదలవుతుంది. ఫ్యాట్ 4.5 వచ్చిన పాలు 3.8 వచ్చిన పాలకన్నా 'మంచి' పాలని చాలామంది నమ్మకం. ధర విషయంలో అది నిజమే. ఆరోగ్యం విషయంలో మాత్రం ఆ అంకె దాదాపు ఏమీ చెప్పదు.

పాల కొవ్వులో 400కు పైగా రకాల కొవ్వు ఆమ్లాలు ఉంటాయి. స్థూలంగా చూస్తే మూడింట రెండు వంతులు సంతృప్త కొవ్వు. పావు వంతుకు కాస్త అటూఇటూగా ఒలీయిక్ వంటి ఏక అసంతృప్త కొవ్వు. మిగిలిన కొద్ది శాతంలోనే లినోలీయిక్ (ఒమేగా-6), లినోలెనిక్ (ఒమేగా-3) లాంటి బహుళ అసంతృప్త రకాలు వస్తాయి. సంతృప్త కొవ్వులన్నీ కూడా ఒకేలా ప్రవర్తించవు. లారిక్, మిరిస్టిక్, పామిటిక్ అనే మూడు రకాలు రక్తంలో చెడు కొలెస్ట్రాల్‌ను పెంచుతాయి. స్టియరిక్ ఆమ్లం సంతృప్తమే అయినా ఆ ప్రభావం పెద్దగా చూపదు. అందువల్ల 'నాణ్యత మెరుగుపడటం' అంటే ఈ వ్యాసంలో అర్థం మూడు మార్పులు: పామిటిక్ తగ్గడం, ఒలీయిక్ పెరగడం, లినోలెనిక్‌తో పాటు, కింద వివరించిన రుమెనిక్ ఆమ్లం కాస్త పెరగడం.

కోడికీ ఆవుకూ తేడా

కోడికి అవిసె గింజలు పెడితే కొన్ని వారాల్లోనే గుడ్డులో ఒమేగా-3 పెరుగుతుంది. కోడి, పంది, మనిషి తిన్న నూనె చాలావరకు అదే రూపంలో ఒంట్లోకి చేరుతుంది. నెమరు వేసే పశువుల్లో అలా కాదు. ఆవు, బర్రె, మేక, గొర్రె తిన్నది ముందుగా రూమెన్ అనే పెద్ద పొట్టలోకి వెళుతుంది. అక్కడ కోట్లాది సూక్ష్మజీవులు ఉంటాయి. మేత మీద మొదటి హక్కు వాటిదే.

అవి అక్కడ రెండు పనులు చేస్తాయి. మొదటిది పీచును పులియబెట్టడం. చొప్ప, గడ్డి, కుటార్ (పంట నూర్చాక మిగిలే పొట్టు)లోని పీచు పులిసి ఎసిటిక్, బ్యుటిరిక్, ప్రొపియోనిక్ ఆమ్లాలుగా మారుతుంది. వీటిలో మొదటి రెండూ రక్తంలో కలిసి పొదుగుకు చేరి, అక్కడ కొత్త కొవ్వుగా అల్లుకుంటాయి. పాలకు కమ్మదనం ఇచ్చే పొట్టి గొలుసు కొవ్వు ఆమ్లాలన్నీ, పామిటిక్‌లో సుమారు సగం, ఇలా పొదుగులో పుట్టినవే. మిగతా పామిటిక్, ఇంకా పొడవు గొలుసు ఉన్నవన్నీ మేతలోని నూనె నుంచో, పశువు ఒంట్లో దాచుకున్న కొవ్వు నుంచో వస్తాయి.

రెండో పని ఈ విషయంలో అసలు కీలకం. గింజల్లో, పచ్చగడ్డిలో ఉండే అసంతృప్త నూనె ఆ సూక్ష్మజీవులకు విషంతో సమానం. అందుకే దాన్ని వదిలించుకోవడానికి అవి ఆ నూనెకు హైడ్రోజన్‌ను జోడిస్తాయి. ఫ్యాక్టరీలో నూనెను వనస్పతిగా గట్టిపరిచే పనే ఇక్కడ పశువు పొట్టలో జరుగుతుంది. మేతలోని లినోలీయిక్, లినోలెనిక్ ఆమ్లాల్లో ఐదింట నాలుగు వంతులకు పైగా ఇలా మారి చివరికి స్టియరిక్ అవుతాయి. పచ్చిమేత తిన్న ఆవు వెన్న కూడా సంతృప్తంగానే ఉండటానికి కారణం ఇదే.

కానీ ఈ మార్పు ఒక్క అడుగులో పూర్తి కాదు. మధ్యలో వాక్సెనిక్ ఆమ్లం అనే ఘట్టం ఒకటి ఉంది. అక్కడి నుంచి కొంత భాగం పొట్ట దాటి రక్తంలోకి జారిపోతుంది. పొదుగులో ఉండే డెల్టా-9 డీశాచురేజ్ అనే ఎంజైమ్ దాన్ని పట్టుకుని రుమెనిక్ ఆమ్లంగా మారుస్తుంది. అదే ఎంజైమ్ స్టియరిక్‌ను ఒలీయిక్‌గానూ మారుస్తుంది. అంటే పొట్టలో గట్టిపడినదాన్ని పొదుగు కొంతవరకు తిరిగి మెత్తబరుస్తుంది. సీఎల్ఏ అనే పేరుతో ప్రచారంలో ఉన్న కొవ్వు కుటుంబంలో పాలలో ముఖ్యమైనది ఈ రుమెనిక్ ఆమ్లమే. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో మైఖేల్ పరీజా బృందం 1980లలో వేయించిన గొడ్డు మాంసంలో సీఎల్ఏని గుర్తించింది. జంతువుల మీద ప్రయోగాల్లో దానికి మంచి ఫలితాలు కనిపించాయి. మనుషుల విషయంలో రుజువు బలంగా లేదు. కాబట్టి సీఎల్ఏ పేరుతో పాలను మందులా అమ్మే ప్రకటనలను నమ్మనవసరం లేదు.

సర్కీ ఏం చేస్తుంది

యవత్మాల్ జిల్లా వణీ, పాండర్‌కవడా, చంద్రపూర్ జిల్లా రాజురా, కోర్పనా, నాందేడ్ జిల్లా కిన్వట్ వైపు నల్లరేగడిలో పత్తే ప్రధాన పంట. పత్తి నుంచి దూది తీశాక మిగిలే గింజను సర్కీ అంటారు. నూనె తీశాక మిగిలే చెక్కను విదర్భలో ఢేప్ అనీ, నాందేడ్ వైపు సర్కీ పెండ్ అనీ పిలుస్తారు. అక్కడి తెలుగువాళ్లూ అవే మాటలు వాడతారు. రాత్రి గోలెంలో నానబెట్టి, పొద్దున కుట్టీ చేసిన చొప్పలో కలిపి, పైన గుప్పెడు ఉప్పు చల్లి బర్రె ముందు పెట్టడం ప్రతి ఇంటా కనిపించేదే.

సర్కీని పాడి రైతు ఇష్టపడటానికి గట్టి కారణమే ఉంది. గింజలో 18 నుంచి 20 శాతం నూనె ఉంటుంది. అది పొట్టు, నూగు చాటున ఉండటంతో పొట్టలో ఒక్కసారిగా బయటపడదు, మెల్లగా విడుదలవుతుంది. పైగా ఆ నూగు మంచి పీచు. సూక్ష్మజీవులకు ఇబ్బంది లేకుండా శక్తి అందుతుంది. అందుకే ఫ్యాట్ అంకె పెరుగుతుంది. చెక్కలో నూనె 6–8 శాతమే మిగులుతుంది, సాల్వెంట్ పద్ధతిలో నూనె పిండేసిన పిండిలో 1 శాతం చుట్టూ ఉంటుంది. మూడింటినీ 'పత్తి మేత' అనే ఒకే గంపలో వేయడం పొరపాటు.

నాణ్యత వైపు వచ్చేసరికి ఇంకో సంగతి బయటపడుతుంది. పత్తి నూనెలో స్టెర్క్యులిక్, మాల్వాలిక్ అనే వింత కొవ్వు ఆమ్లాలు కొద్ది మోతాదులో ఉంటాయి. ఇవి సరిగ్గా డెల్టా-9 డీశాచురేజ్ ఎంజైమ్‌నే అడ్డుకుంటాయి. పొట్టలో గట్టిపడిన స్టియరిక్ పొదుగులో ఒలీయిక్‌గా మారాల్సిన చోట దారి ఇరుకవుతుంది. ఫలితంగా వెన్నలో స్టియరిక్ ఎక్కువ, ఒలీయిక్ తక్కువ. స్టియరిక్ ఆమ్లం దాదాపు 69 డిగ్రీల దగ్గర కరుగుతుంది, ఒలీయిక్ 13 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. గిన్నెలో తేడా కళ్లకే కనిపిస్తుంది. సర్కీ బాగా తిన్న బర్రె నెయ్యి కార్తీకంలోనే ముద్దకట్టి, చెంచా దిగనంత గట్టిగా, పెద్ద పెద్ద పూసలతో తెల్లగా ఉంటుంది. అదే బర్రె ఆషాఢం తర్వాత పచ్చగడ్డి మీద ఉన్నప్పుడు తీసిన నెయ్యి పైన నూనెలా తేలి, అడుగున సన్నని రవ్వతో ఉంటుంది.

గట్టి నెయ్యే అసలైన నెయ్యి అనే నమ్మకం పత్తి ఊళ్లలో బలంగా ఉండటానికి ఇదే మూలం. అది కల్తీ లేదనడానికి రుజువు కాదు, చెడిపోయిందనడానికీ రుజువు కాదు. పశువు ఏం తిన్నదో చెప్పే గుర్తు మాత్రమే.

నెయ్యి పరీక్షలో పత్తి సీమకు వేరే గీత ఎందుకు

ఆహార ప్రమాణాల చరిత్రలో ఈ విషయానికి చాలాకాలంగా చోటుంది. నెయ్యి స్వచ్ఛతను రీకర్ట్-మైసిల్ విలువ అనే పరీక్షతో చూస్తారు. నెయ్యిలో బ్యుటిరిక్ వంటి పొట్టి గొలుసు ఆమ్లాలు ఎంత ఉన్నాయో అది చెబుతుంది. ఇతర నూనెల్లో ఇవి దాదాపు ఉండవు కాబట్టి, విలువ పడిపోతే కల్తీ అని అనుమానిస్తారు. అయితే పశువుకు నూనె గింజలు ఎక్కువ పెట్టినప్పుడు పొడవు గొలుసు కొవ్వు రక్తం నుంచి పొదుగులోకి ఎక్కువగా వస్తుంది, పొదుగు సొంతంగా చేసే పొట్టి గొలుసు కొవ్వు వాటా తగ్గుతుంది. ఒక్క చుక్క కల్తీ లేకపోయినా విలువ కిందికి దిగుతుంది. అందుకే 1955 నాటి ఆహార కల్తీ నిరోధక నియమాల్లో 'పత్తి ప్రాంతాలు' అని విడిగా గుర్తించి, అక్కడి నెయ్యికి తక్కువ కనీస విలువను పెట్టారు. మహారాష్ట్రలో ఈ విభజన స్పష్టంగా ఉండేది.

2024 సెప్టెంబరులో తిరుమల లడ్డూ నెయ్యి వివాదం వచ్చినప్పుడు 'ఎస్-విలువ' అనే మాట ప్రతి తెలుగు ఇంటికీ చేరింది. ఆ కేసు నిజానిజాలు తేల్చాల్సింది దర్యాప్తు. ఇక్కడ పనికొచ్చేది ఆ పరీక్ష వెనుక ఉన్న శాస్త్రం మాత్రమే. ఎస్-విలువ పరీక్ష పాల కొవ్వులోని ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వు అణువుల పొందికను చూసి, అది మామూలు హద్దులో ఉందా లేదా చెబుతుంది. పశువుకు పత్తి, ఆవ, పామ్ నూనెలు అతిగా మేపినప్పుడు, లేదా పశువు తిండి లేక బక్కచిక్కినప్పుడు, కల్తీ లేకున్నా ఫలితం హద్దు దాటవచ్చని ఆ పద్ధతి తాలూకు అంతర్జాతీయ ప్రమాణమే చెబుతుంది. పరీక్ష చేసేవారు మేత వివరం అడగకుండా ఒక్క అంకె చూసి తేల్చేస్తే పత్తి తాలూకాల రైతుకు అన్యాయం జరిగే అవకాశం ఉంది. అలాగని మేత పేరు చెప్పి నిజమైన కల్తీని దాచడమూ సాధ్యమే. ఒకటికి రెండు రకాల పరీక్షలు అవసరమయ్యేది ఇందుకే.

సిరోంచ వైపు కథ వేరు

గడ్చిరోలి జిల్లా సిరోంచకు వస్తే పత్తి పొలాలకన్నా వరి మళ్లు, అడవి ఎక్కువ. ప్రాణహిత, గోదావరి ఒడ్డున ఉన్న ఈ ఊళ్లలో పశువుకు వరిగడ్డి, తవుడు, అడవి మేపు. వరిగడ్డిలో కొవ్వు చాలా తక్కువ, పోషకాలూ తక్కువే. ఎండాకాలంలో ఈనిన ఆవు గడ్డి మీదే బతకాల్సి వస్తే, తన ఒంట్లో దాచుకున్న కొవ్వును కరిగించి పాలలోకి పంపుతుంది. ఒంటి కొవ్వులో ఒలీయిక్ ఎక్కువ. కాబట్టి ఆ పాలను ల్యాబ్‌లో చూస్తే, కాగితం మీద 'మెరుగైన' కొవ్వులా కనిపించవచ్చు. కానీ ఆ ఆవు చిక్కిపోతుంటుంది, మళ్లీ ఎదకు రావడానికి నెలలు ఆలస్యమవుతుంది, రోజుకు లీటరున్నర కన్నా ఎక్కువ పాలు ఇవ్వదు. నాణ్యత అంకెను పశువు ఒంటి స్థితితో కలిపి చదవాలనడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ లేదు.

ఇక్కడ మొదట బాగుపడాల్సింది మేత పరిమాణం. 100 కిలోల వరిగడ్డికి 4 కిలోల యూరియాను 50–60 లీటర్ల నీటిలో కరిగించి చల్లి, గాలి పోకుండా మూడు వారాలు కప్పి ఉంచితే గడ్డి అరుగుదల పెరుగుతుంది. ఎసిటిక్ ఆమ్లం పెరిగి పాలూ ఫ్యాటూ నిలకడగా ఉంటాయి. కొవ్వు రకం మాత్రం దీనివల్ల పెద్దగా మారదు. అది మారాలంటే ఆకు కావాలి.

పచ్చి ఆకులో ఉన్న నూనె

పచ్చగడ్డిలో నూనె ఉంటుందంటే ఆశ్చర్యంగా అనిపిస్తుంది. ఎండు బరువులో 2–3 శాతం కొవ్వు ఉంటుంది, అందులో సగానికి పైగా లినోలెనిక్ ఆమ్లమే. లేత ఆకులో ఎక్కువ, పూత వచ్చి కాడ ముదిరాక తక్కువ. ఎండలో ఆరబెడితే ఆకు రాలి, గాలి తగిలి, ఈ కొవ్వులో చాలా భాగం పోతుంది. ఒక ఆవు రోజుకు 25–30 కిలోల పచ్చిమేత తింటే ఆ కొద్ది శాతమే 100 గ్రాములకు పైగా నూనె అవుతుంది. దాని వెంట కెరోటిన్, విటమిన్ ఇ కూడా వస్తాయి. వానాకాలంలో ఆవు నెయ్యి పసుపెక్కేది ఆ కెరోటిన్‌తోనే. బర్రె దాన్ని విటమిన్ ఎగా మార్చేస్తుంది కనుక దాని నెయ్యి ఎప్పుడూ తెల్లగానే ఉంటుంది. రంగు చూసి ఆవు, బర్రె నెయ్యిలో ఏది మేలో తేల్చే అలవాటు అందుకే సరికాదు.

ఈ సీమలో పచ్చదనం జూలై నుంచి నవంబరు దాకానే. చంద్రపూర్‌లో ఎండ 45 డిగ్రీలు దాటే రోజుల్లో పచ్చిమేత అనే మాటే ఉండదు. బోరు నీళ్లున్న రైతు రెండు గుంటల్లో హైబ్రిడ్ నేపియర్, గట్టున లసూణ్ ఘాస్ అని పిలిచే లూసర్న్ వేసుకుంటే ఆ ఖాళీ కొంత నిండుతుంది. మురఘాస్ మరో దారి. గాలి చొరకుండా పాతర వేసిన పచ్చిమేతలో లినోలెనిక్ ఎండు మేతలో కన్నా బాగా నిలుస్తుంది. మక్క మురఘాస్‌లో అయితే లినోలీయిక్ ఎక్కువ, లినోలెనిక్ తక్కువ. కాబట్టి అది పచ్చగడ్డికి పూర్తి బదులు కాదు.

నూనె గింజల విషయానికొస్తే విదర్భలో అవిసెలు పాత పంట. మరాఠీలో జవస్ అనేది వీటినే, అవిసె చెట్టుతో పొరబడకూడదు. వీటి నూనెలో సగానికి పైగా లినోలెనిక్ ఉంటుంది. మరాఠ్వాడా కుసుమ నూనెలో లినోలీయిక్ 70 శాతం దాటుతుంది. ఏది పెట్టినా పామిటిక్ వాటా కొన్ని శాతాలు తగ్గి, ఒలీయిక్, వాక్సెనిక్, రుమెనిక్ పెరుగుతాయి. సర్కీకీ వీటికీ అసలు తేడా ఎంజైమ్‌కు అడ్డు పడకపోవడంలోనే ఉంది. అవిసెలను దోరగా వేయించి కచ్చాపచ్చాగా దంచి పెట్టడం మేలు. నీళ్లలో గంటల తరబడి నానబెట్టి వదిలేస్తే అందులోంచి సైనైడ్ విడుదలయ్యే ప్రమాదం ఉంది.

హద్దు ఎక్కడ

మేతలో కొవ్వు మొత్తం ఎండు బరువులో 6 శాతం దాటకూడదన్నది పశు పోషణలో స్థిరపడిన సూత్రం. ఉదాహరణకు 10 కిలోల ఎండు మేత తినే ఆవును తీసుకుంటే హద్దు 600 గ్రాములు. చొప్ప, గడ్డి, దాణాలోంచి ఎలాగూ 250–300 గ్రాములు వస్తాయి. మిగిలేది 300 గ్రాముల చోటు. సర్కీ అయితే కిలోన్నర, అవిసెలైతే ముప్పావు కిలోలోపు. రెండూ కలిపి పెట్టాలంటే రెంటినీ సగం సగం చేయాలి. మూడు కిలోల సర్కీ పెట్టే ఇళ్లలో ఈ హద్దు రోజూ దాటుతోందన్నమాట.

దాటితే ఏమవుతుంది? పీచును పులియబెట్టే సూక్ష్మజీవులు దెబ్బతింటాయి. పీచు తక్కువగా, మక్క పిండి లాంటి గింజ దాణా ఎక్కువగా ఉన్నచోట నష్టం ఇంకా పెద్దది. నూనెను మార్చే దారే మళ్లిపోతుంది. వాక్సెనిక్‌కు బదులు వేరే ట్రాన్స్ కొవ్వు పుడుతుంది, దానితోపాటు పొదుగులో కొవ్వు తయారీని ఆపేసే ఒక రకం సీఎల్ఏ కూడా వస్తుంది. పాల దిగుబడి బాగానే ఉంటుంది, ఫ్యాట్ మాత్రం 4 నుంచి 3 కిందికి పడిపోతుంది. ఫ్రెంచ్ శాస్త్రవేత్త బూసెంగో 1845లోనే ఈ పతనాన్ని గమనించి రాశాడు, కారణం తేలడానికి మాత్రం నూటయాభై ఏళ్లు పట్టింది. కేంద్రంలో ఫ్యాట్ పడిందని వెంటనే దాణా పెంచే రైతు, నిజానికి రోగాన్నే పెంచుతున్నాడు. ముందు చూడాల్సింది పశువు ముందున్న చొప్ప పొడవు, మోతాదు, అది నెమరు వేస్తోందా లేదా అన్నది.

బైపాస్ ఫ్యాట్: అంకె మారుతుంది, నాణ్యత మారదు

ఇటీవల పశుగ్రాస దుకాణాల్లో బైపాస్ ఫ్యాట్ సంచులు బాగా కనిపిస్తున్నాయి. పామ్ నూనె ఆమ్లాలను కాల్షియంతో కలిపి, పొట్టలో కరగకుండా పేగు దాకా చేరేలా చేసిన పొడి ఇది. ఈనిన కొత్తలో ఎక్కువ పాలిచ్చే పశువుకు శక్తినివ్వడంలో దీనికి మంచి ఉపయోగం ఉంది. ఫ్యాట్ అంకె కూడా పెరుగుతుంది. అయితే పామ్ కొవ్వులో దాదాపు సగం పామిటిక్, అందులో కొంత నేరుగా పాలలోకి చేరుతుంది. తగ్గాలనుకున్నదే పెరిగిందన్నమాట. 2021లో కెనడాలో వెన్న గది వేడిలో కూడా మెత్తబడటం లేదని జనం గొడవ చేశారు. అనుమానం పామ్ కొవ్వు మేత మీదికి వెళ్లింది, చివరికి అక్కడి పాడి రైతుల సంఘం బదులు మేతలు చూసుకోమని రైతులను కోరింది. సర్కీతో గట్టిపడిన నెయ్యిని తరాలుగా చూసిన పత్తి సీమకు ఆ గొడవ కొత్తగా అనిపించకపోవచ్చు. కారణం వేరు, ఫలితం మాత్రం ఒకలాంటిదే: గట్టిపడిన కొవ్వు.

మాంసంలో

మహారాష్ట్రలో 1976 చట్టం నుంచి గోవధ నిషేధం ఉంది. 2015 సవరణతో ఎద్దులు, కోడెలకూ అది వర్తించింది. కాబట్టి ఇక్కడ నెమరు వేసే పశువుల మాంసం అంటే ప్రధానంగా మేక, గొర్రె, కొంతవరకు బర్రె. ఉస్మానాబాదీ మేక నాందేడ్ వైపు, బేరారీ మేక విదర్భ వైపు తెలిసిన జాతులు.

పాలలో మేత మార్పు వారం పది రోజుల్లో కనిపిస్తుంది. మాంసంలో రెండు మూడు నెలలు పడుతుంది, ఎందుకంటే అక్కడ పాత నిల్వ మీద కొత్తది చేరాలి. పైగా మేక కొవ్వును కండలో తక్కువగా, పొట్టలో మూత్రపిండాల చుట్టూ ఎక్కువగా దాచుకుంటుంది. చల్లారిన మటన్ కూర అంచున తెల్లగా పేరుకునేది స్టియరిక్ నిండిన కొవ్వే. రేగు, తుమ్మ, అడవి ఆకు మేసిన మేక కండలో లినోలెనిక్, దాన్నుంచి పుట్టే పొడవు ఒమేగా-3లు ఎక్కువ. ఆకులోని విటమిన్ ఇ వల్ల మాంసం రంగు కూడా త్వరగా మారదు. బక్రీద్ ముందు రెండు మూడు నెలలు కట్టేసి మక్కలు, శనగలు దండిగా పెట్టి బలిపించిన పొట్టేలులో బరువు పెరుగుతుంది, కానీ ఆ బరువులో కొవ్వు వాటా కూడా పెరుగుతుంది, ఒమేగా-6 వైపు మొగ్గుతుంది. గింజ మేత అతిగా పడితే కొవ్వు మెత్తబడటమూ ఉంది. అది పొట్టలో ప్రొపియోనిక్ పెరిగి కొమ్మలు చీలిన గొలుసు ఆమ్లాలు పుట్టడం వల్ల. పాల విషయంలో గట్టి కొవ్వు అన్నా, మాంసంలో మెత్తని కొవ్వు అన్నా, చేతికి తగిలేదాన్ని బట్టి నాణ్యత తేల్చలేమని దీంతో తెలుస్తుంది.

మేక పిల్లలకూ దూడలకూ సర్కీ పెట్టకూడదన్న మాట ఇక్కడే చెప్పుకోవాలి. పత్తి గింజలోని గాసిపాల్ అనే విషాన్ని పెద్ద పశువు పొట్ట చాలావరకు కట్టడి చేస్తుంది. పొట్ట ఇంకా ఎదగని పిల్లల్లో అది గుండె దాకా వెళ్లి ప్రాణం తీయగలదు. తడిసి బూజు పట్టిన చెక్క మరో ప్రమాదం. అందులోని అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం పాలలోకి ఎం1 రూపంలో వస్తుంది. దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018లో చేయించిన దేశవ్యాప్త సర్వేలో 6,432 పాల నమూనాల్లో 368 ఈ కారణంగానే హద్దు దాటాయి. కొవ్వు నాణ్యత గురించి ఆలోచించే ముందు గోడౌన్‌లో చెక్క బస్తాల కింద చెక్కబల్ల ఉందో లేదో చూడటం అవసరం.

లాభం ఎంత, ఎవరికి

అవిసెలు పెట్టిన ఆవు పాల కొవ్వులో లినోలెనిక్ అర శాతం నుంచి ఒక శాతం చుట్టూ చేరుతుంది. 200 మిల్లీలీటర్ల గ్లాసులో 8 గ్రాముల కొవ్వు ఉంటే, అందులో అది 80 మిల్లీగ్రాములు. అదే మనిషి ఒక చెంచా అవిసెల పొడి, అంటే 10 గ్రాములు, అన్నంలో కలుపుకుంటే 2 గ్రాములకు పైగా వస్తుంది. పాతిక రెట్లు ఎక్కువ. ఒమేగా-3 కోసం ఆవును మధ్యవర్తిగా పెట్టుకోవడం ఖర్చుతో కూడిన పని. ఆవు ద్వారా నిజంగా సాధించగలిగేది వేరు. పామిటిక్ తగ్గించడం, ఒలీయిక్ పెంచడం. పాలు, పెరుగు, నెయ్యి రోజూ వాడే ఇంట్లో ఈ కొద్ది మార్పే ఏడాది పొడవునా పోగవుతుంది.

ఇక ధర. ఫ్రాన్స్‌లో 2000లో మొదలైన బ్లూ-బ్లాన్-కేర్ అనే సంఘం అవిసెలు, పచ్చిమేత పెట్టిన రైతుల పాలను కొవ్వు ఆమ్లాల పరీక్ష చేసి ప్రత్యేక గుర్తుతో అమ్మిస్తోంది. పాల నాణ్యతను వేగంగా చూసే ఇన్‌ఫ్రారెడ్ యంత్రాలే కొవ్వు రకాలనూ అంచనా వేయగలవు కాబట్టి అక్కడది సాధ్యమైంది. మహారాష్ట్రలో విదర్భ, మరాఠ్వాడా జిల్లాల కోసం నడుస్తున్న పాడి అభివృద్ధి ప్రాజెక్టు సేకరణ కేంద్రాలను ఊళ్ల దాకా తెచ్చింది. మేలు రకం పశువులు, పచ్చిమేత, కుట్టీ యంత్రాలు, మురఘాస్ వంటివాటికి రాయితీ మాట వినిపిస్తోంది. వాటిలో పచ్చిమేత, మురఘాస్ మీద పెట్టే రూపాయి పరిమాణానికీ నాణ్యతకూ రెంటికీ పనికొస్తుంది. ఫ్యాట్ పెంచే పొడుల మీద పెట్టేది ఒక్క అంకెకే పనికొస్తుంది. రాయితీ దేనికి ముందు ఇవ్వాలన్న ప్రశ్నకు ఈ తేడా ఒక్కటే చాలు.

కేంద్రానికి పోసే పాలలో ఈ మార్పుకు ఇప్పట్లో ధర పలకదు. ఇంటి దగ్గర నెయ్యి కాచి, పండుగలకు బాసర, ఆదిలాబాద్ వైపు చుట్టాలకు, తెలిసిన షాపులకు అమ్మే ఇళ్లలో మాత్రం కొనేవాళ్లు పూస, వాసన, రంగు చూసి మాట్లాడతారు. వాళ్లకు వానాకాలపు నెయ్యి వేరు, సర్కీ నెయ్యి వేరు అని విడిగా చెప్పి, విడిగా డబ్బాల్లో పోసి అమ్మితే, మేతను బట్టి ధర కట్టే పద్ధతి మొదటగా మొదలయ్యేది అక్కడే.